కచేరీకి చేరని కాగితం

మార్చి 9

డెల్ఫీ, నా గిలుకుడు చూసి నవ్వకు. తప్పులుంటే నువ్వే దిద్దుకుని చదువుకో. బళ్ళో నేర్చింది తక్కువ. ఆ కాస్తా రంపపు మిల్లులో పొట్టులా ఎగిరిపోయింది. మన ఇంట్లో రాతకోతలన్నీ నీవే కదా. ఆసుపత్రికి వెళ్తూ, “నేను లేని రోజుల్లో ఇంటి దగ్గర ఏం జరిగిందో రాసిపెట్టు, వచ్చాక చదువుకుంటాను” అన్నావు. అందుకని రాస్తున్నాను.

వాన. ఎర్ర కోడి పొదుగుకి కూర్చుంది. కుక్క నీ కుర్చీ కింద చేరి లేవనంటోంది. అంతే.

మార్చి 10

వాన. ఎర్ర కోడి నా చెయ్యి పొడిచింది. తప్పు నాదే.

మార్చి 12

ఈ పేజీ నువ్వు చదవకూడదు.

డాక్టరు నన్ను వరండాలోకి తీసుకెళ్ళాడు. నా చెడ్డ చెవి వైపు నిలబడి చెప్పాడు. మళ్ళీ చెప్పమన్నాను. రెండోసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది పాపం, అటు పోతున్నవాళ్ళంతా విన్నారు. కాలేయంలో మొదలై అంతటా పాకిందట. కోసినా లాభం లేదట. వేసవి చూడకపోవచ్చట.

లోపలికి వెళ్ళాను. “ఏమన్నాడయ్యా?” అంది డెల్ఫీ.

“బలానికి మందిస్తానన్నాడు,” అన్నాను.

“అబద్ధం చెప్పడం నీకెప్పుడూ రాదు,” అంది. ఇంకేం అడగలేదు. నా చేతికున్న గాటు చూసి, “కోడిని వెనకనుంచి కదపకూడదని ఎన్నిసార్లు చెప్పాను?” అంది.

ఆమె కోసం వేరే పుస్తకం కొనాలి. ఇది నా దగ్గరే ఉంచుకుంటాను.

మార్చి 15

డ్వైట్ వచ్చాడు. ఒహాయో నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చాడట. డెల్ఫీ మొదటి మొగుడు ఎవరెట్ కూంబ్స్ కొడుకు వీడు. ఎవరెట్ ఒహాయోలోని డేటన్‌కి ఫ్యాక్టరీ పనికి వెళ్ళి అక్కడే కారు ప్రమాదంలో పోయాడు. నేను చేసుకునేనాటికి డ్వైట్ ఐదేళ్ళ పిల్లాడు. ఈ ఇంట్లోనే పెరిగాడు. మీసం రాగానే తండ్రి తరఫు వాళ్ళ దగ్గరికి పనికి వెళ్ళిపోయాడు. నన్ను ఎప్పుడూ పేరు పెట్టే పిలుస్తాడు. నేనేనాడూ వద్దనలేదు.

వాళ్ళమ్మ దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత నన్ను ఆసుపత్రి కింద కాఫీ తాగే చోటికి తీసుకెళ్ళాడు.

“వెర్లిన్, ఒక మాట అడగాలి. కోపం తెచ్చుకోకు.”

“నీ మీద ఎప్పుడైనా తెచ్చుకున్నానా?”

“తెచ్చుకోవు. నీతో వచ్చిన చిక్కే అది.”

ఫోనులో ఫోటో చూపించాడు. డేటన్‌లోని సమాధి రాయి. వెడల్పు రాయి, ఇద్దరికి చేసింది. ఒక సగంలో ఎవరెట్ పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు. రెండో సగంలో, ‘డెల్ఫియా, అతని భార్య’ అని, పుట్టిన ఏడు, ఒక గీత. గీత తర్వాత నున్నటి రాయి.

“నాన్న పోయినప్పుడు నానమ్మ చెక్కించింది,” అన్నాడు. “అప్పుడు నాకు నాలుగేళ్ళు. అక్కడికి పనికి వెళ్ళినప్పటినుంచీ ప్రతి మే నెలలో, పోయినవాళ్ళని తలుచుకునే రోజున, పూలు పట్టుకెళ్తున్నాను. ప్రతిసారీ ఆ ఖాళీ చూస్తున్నాను. అమ్మని అక్కడ పెట్టాలి వెర్లిన్.”

“మీ అమ్మ ఇక్కడే అనుకుంటోంది. పైన గుట్ట మీద, మావాళ్ళ సమాధుల దగ్గర.”

“నీతో అందా?”

“అననక్కర్లేదు.”

“చూడు. ఎక్కడ పూడ్చాలో తేల్చేది ఎవరని అంత్యక్రియల హాలు వాళ్ళని అడిగాను. మొగుడుంటే మొగుడి మాటేనట. లేకపోతే కొడుకు మాటట. కాగితం చూపించమంటారు. మీ పెళ్ళి కాగితం ఆ ఇంట్లో నేనెప్పుడూ చూళ్ళేదు.”

“పెళ్ళికి నువ్వూ ఉన్నావురా.”

“కేకు గుర్తుంది,” అన్నాడు. “ఇంకేం గుర్తులేదు. కాగితం తీసుకురా, నేను నోరు మూసుకుంటాను. ఒట్టు.”

న్యాయమైన మాటే. పెళ్ళిళ్ళు నమోదు చేసే కౌంటీ కచేరీకి వెళ్ళి నకలు తెచ్చుకుంటే సరిపోతుంది.

మార్చి 16

డెల్ఫీ బాగుంది. సూపు తాగింది. మొక్కజొన్న రొట్టె ముక్క విరిచి, “ఇందులో చక్కెర వేశారయ్యా, వీళ్ళ మొహం మండ!” అని పక్కన పడేసింది. అలా తిట్టిందంటే బాగున్నట్టే.

తనే ఎత్తింది. “పైన నన్ను మీ అమ్మ పక్కన పెట్టకు. బతికున్నంత కాలం సణిగింది, అక్కడ కూడా సణుగుతుంది. ఆపిల్ చెట్టు వైపు పెట్టు. నువ్వు ఎడమ పక్కకి రా.”

అదెందుకో నాకు తెలుసు. మిల్లు నా ఎడమ చెవి తినేసింది. ఎక్కడైనా సరే, చర్చి సంఘంలో, బల్ల దగ్గర, మంచం మీద, డెల్ఫీ నా కుడి పక్కనే ఉంటుంది.

“డ్వైట్‌తో చెప్పావా?” అన్నాను.

“వాడితో ఏం పని? మొగుడివి నువ్వున్నావుగా!”

మార్చి 18

కచేరీకి వెళ్ళాను.

గుమ్మం దగ్గర కాపలా కుర్రాడు జేబులు ఖాళీ చేయమన్నాడు. ఏం పని మీద అన్నాడు. పెళ్ళి కాగితం అన్నాను. “లోపలికి రండి పెళ్ళికొడుకుగారూ, పిల్ల పారిపోయేలోపు వెళ్ళండి,” అన్నాడు. వరసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేను టోపీ పట్టుకుని నేల చూసుకుంటూ నడిచాను.

కౌంటరు దగ్గర లావోన్ అనే పిల్ల ఉంది. పిల్లంటే నలభై ఉంటాయి. “ఎవరి తాలూకు తాతా మీరు?” అంది. చెప్పాను. నువ్వెవరి తాలూకు అమ్మా అన్నాను. వాగు అవతలి సైజ్‌మోర్ల ఇంటి పిల్లట. వాళ్ళ తాత మిల్లులో నాతో దుంగలు దొర్లించాడు.

ఏ ఏడో, ఏ నెలో చెప్పాను. పుస్తకం తెచ్చింది. పెద్ద పుస్తకం, తలుపంత. మగవాళ్ళ పేర్ల వరసలో వేలు పెట్టి దిగింది. “ఇదిగో తాతా, దొరికారు!” అంది. నాకు ఊపిరి తిరిగింది.

తర్వాత ఆమె వేలు ఆగిపోయింది.

పుస్తకం నా వైపు తిప్పింది. పేజీ ఎడమ సగమంతా రాసి ఉంది. నా పేరు, మా నాన్న పేరు, డెల్ఫీ పేరు, వాళ్ళ నాన్న పేరు, ఆమె పేరు కింద ‘విధవ’ అని. మేమిద్దరం లైసెన్సుకి వచ్చిన రోజు రాసిందది. కుడి సగం, ఎవరు పెళ్ళి చేశారు, ఎక్కడ, ఎవరు సాక్షులు అన్న గళ్ళన్నీ తెల్లగా ఉన్నాయి.

“ఇది పెళ్ళి చేసుకోవచ్చని మేమిచ్చిన లైసెన్సు మాత్రమే తాతా,” అంది లావోన్. “పెళ్ళి చేసినాయన దాని మీద సంతకం పెట్టి మాకు తిరిగి పంపాలి. అది వచ్చాకే ఈ సగం నింపుతాం. రాలేదు. పెళ్ళి చేసింది ఎవరు?”

“బ్రదర్ యూలిస్ ఫ్రేలీ.”

“అయ్యో, యూలిస్ పెద్దాయనా! మా పెద్దమ్మ పెళ్ళీ ఇంతే. ఆయన ఒక్క కాగితమూ కచేరీకి చేర్చలేదు. బతికుండగా కొంతమంది ఆయన్నిక్కడికి లాక్కొచ్చి రాయించుకున్నారు. మీరెందుకు రాలేదు?”

మాకు ఇలా ఉందని తెలిస్తే కదా.

ఆ రోజు నాకు గుర్తుంది. బ్రదర్ యూలిస్ కాగితం మీద సంతకం పెట్టి, సాక్షుల చేత పెట్టించి, మడిచి, డెల్ఫీ బైబిల్లో ఉంచి బైబిలు ఆమె చేతికిచ్చాడు. పెళ్ళిళ్ళన్నిటికీ అలాగే చేసేవాడు. “ఇది నీదమ్మా. మగాడు రేపు ఎటైనా పోతాడు. ఆడదాని చేతిలో ఏదో ఒకటి ఉండాలి,” అనేవాడు. మా సంఘంలో ఆడవాళ్ళందరి బైబిళ్ళలోనూ ఆ మడత ఉండేది. అదే పెళ్ళికి రుజువనుకున్నాం.

“ఆ కాగితం తీసుకురండి తాతా. ఇప్పుడైనా ఎక్కిస్తాను,” అంది.

కిందటి వరదలో వంటిల్లు కిటికీల దాకా మునిగింది. డెల్ఫీ బైబిలు బల్ల మీద ఉండేది. తర్వాత బల్ల కాళ్ళు మాత్రం దొరికాయి.

లావోన్ పుస్తకం మూయకుండా కొంచెంసేపు అలాగే ఉంచింది. మంచి పిల్ల.

మార్చి 19

డెల్ఫీతో ఏమీ చెప్పలేదు. తను సూపు తాగలేదు.

మార్చి 21

పెళ్ళి చూసిన సాక్షిని తెమ్మని లావోన్ చెబితే ఓమా వదినని కచేరీకి తీసుకెళ్ళాను. డెల్ఫీ అక్క. పెళ్ళి సాక్షుల్లో మిగిలింది ఆమె ఒక్కతే. బండి ఎక్కిన దగ్గర్నుంచీ తిట్టింది. సీటు చల్లగా ఉందట, నేను నెమ్మదిగా నడుపుతున్నానట.

లావోన్ ముందు కుడిచెయ్యెత్తి ప్రమాణం చేసింది. ఏం చూశావో చెప్పు నానమ్మా అంది లావోన్.

“ఏం చూశానా? మా చెల్లి నీలం గౌను వేసుకుంది. వీడు వాళ్ళన్న కోటు వేసుకొచ్చాడు, చేతులు వేళ్ళ దాకా వచ్చాయి. ‘చేసుకుంటాను’ అనమంటే నోరు పెగల్లేదు. బ్రదర్ యూలిస్ మూడుసార్లు అడిగాడు. మూడోసారి నేను వెనకనుంచి పొడిస్తే అన్నాడు. అది పెళ్ళి కాదంటే మరి ఏది పెళ్ళి?”

లావోన్ నవ్వుతూ అంతా టైపు కొట్టింది. ఓమా వదిన సంతకం పెట్టింది. ఇది జడ్జిగారి ముందుకి వెళ్ళాలి. ఆయన ఒప్పుకుంటే ఆ ఖాళీ సగం నింపుతారు. ఎప్పటికవుతుందమ్మా అన్నాను.

“మే అవుతుంది తాతా. ఇంకా ముందు కుదరదు. ఆవిడకి ఎలా ఉంది?”

చెప్పాను.

లావోన్ గొంతు తగ్గించింది. నా మంచి చెవి వైపు వంగింది. “దగ్గర దారి ఒకటుంది. కొత్త లైసెన్సు తీసుకోండి. ఆవిడ రాలేకపోతే నేనే ఆసుపత్రికి తెస్తాను. మంచం పట్టినవాళ్ళకి అలా చేస్తాం. ఇద్దరూ నా ముందు ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. మీ పాస్టరుగారు అక్కడే రెండు మాటలంటే అయిపోయింది. ఆ సాయంత్రమే పుస్తకంలో ఎక్కిస్తాను.”

ఇంత తేలికని తెలియక ఎంత బెంగపడ్డాను!

మార్చి 24

డెల్ఫీతో చెప్పాను. అంటే, కచేరీలో మన కాగితం పోయిందని, మళ్ళీ ఒకసారి సంతకం పెట్టాలని, ఆసుపత్రి వాళ్ళు అడుగుతున్నారని చెప్పాను. డ్వైట్ సంగతి, రాయి సంగతి చెప్పలేదు. మంచంలో ఉన్న మనిషితో సమాధుల తగువు ఏం మాట్లాడతాను?

“వాళ్ళ కాగితం పోతే నేను పెట్టాలా సంతకం?” అంది. తర్వాత, “సరేలే, రమ్మను,” అంది.

మార్చి 27

లావోన్ మధ్యాహ్నం వచ్చింది. పాస్టరు బ్రదర్ ఆర్లిస్ కూడా వచ్చాడు. నేను తెల్ల చొక్కా వేసుకున్నాను. నర్సు చూసి డెల్ఫీ జుట్టు దువ్వింది.

లావోన్ కుర్చీ దగ్గరికి జరుపుకుని ఒక్కొక్కటే అడిగింది. పేరు. పుట్టిన ఊరు. తల్లి పేరు. డెల్ఫీ అన్నిటికీ గట్టిగానే చెప్పింది. మధ్యలో, “నువ్వు సైజ్‌మోర్ల పిల్లవి కదూ, ఆ ముక్కు చూస్తేనే తెలుస్తోంది,” అంది కూడా.

“ఇప్పుడు మీ పరిస్థితి నానమ్మా,” అంది లావోన్. “పెళ్ళికానివాళ్ళా, విడిపోయినవాళ్ళా, విధవలా అని ఉంది. నేను విధవ అని రాస్తున్నాను. ఎవరెట్‌గారు పోయారు కదా.”

“ఎవరే విధవ?”

“కాగితానికి మాత్రమే నానమ్మా...”

“మొగుడు నీ పక్కనే కొయ్యలా నిలబడి ఉన్నాడు, కనబడటం లేదా?”

బ్రదర్ ఆర్లిస్ దగ్గాడు. లావోన్ ఓపిగ్గా చెప్పింది. పెళ్ళయినవాళ్ళకి లైసెన్సు ఇవ్వకూడదట. అందుకని ఇప్పుడు పెళ్ళిలో లేనని రాయాలట. ఒక్క మాటేనట.

“ఆ మాట మీద చెయ్యెత్తి ప్రమాణం చేయాలా?”

“చేయాలి నానమ్మా.”

“దేవుడి ముందు?”

“అవును.”

డెల్ఫీ దిండు మీదనుంచి లేవబోయింది. నర్సు పట్టుకుంది. “పిల్లా, నేను చావబోతున్నాను. వీడు నాతో చెప్పలేదు, కానీ నాకు తెలుసు. వారంలోనో పది రోజుల్లోనో ఆయన ముందు నిలబడాలి. ఇన్నేళ్ళూ పెళ్ళి లేకుండా ఈ మనిషి మంచం మీద పడుకున్నానని ఇప్పుడు చెయ్యెత్తి చెప్పమంటావా? నేను చెప్పను. నాకు పెళ్ళయింది.”

“బ్రదర్ ఆర్లిస్, మీరైనా చెప్పండి,” అంది లావోన్.

“అబద్ధం ఆడమని నేనెలా చెప్పనమ్మా?” అన్నాడు ఆయన.

అందరూ నా వైపు చూశారు. డెల్ఫీ కూడా. “ఏమయ్యా, నువ్వంటావా ఆ మాట? నాకు పెళ్ళాం లేదని అంటావా?”

దేనికోసమో చెప్పాల్సింది అప్పుడే. డ్వైట్ రాయి సంగతి చెబితే చాలు. అందరూ చూస్తున్నారు. నా నోరు పెగల్లేదు. టోపీ తిప్పుతూ నిలబడ్డాను.

లావోన్ కాగితాలు సంచీలో పెట్టుకుంది. వెళ్తూ నా భుజం తట్టింది. “మనసు మారితే ఫోన్ చేయండి తాతా. ఆదివారమైనా సరే వస్తాను.”

వాళ్ళు వెళ్ళాక డెల్ఫీ నా కాలరు సరిచేసింది. తర్వాత, “ఆ తెల్ల చొక్కా నీకు బాగుంటుంది,” అంది.

మార్చి 28

ఇవాళ అలిసిపోయి ఉంది. రేపు చెబుతాను. తెలిస్తే తప్పకుండా ఒప్పుకుంటుంది.

మార్చి 29

రక్తం ఎక్కించారు. గదిలో మనుషులున్నారు. రేపు.

మార్చి 30

కోడి పిల్లల్ని లేపింది. తొమ్మిది. డెల్ఫీకి చెబితే మొహం వెలిగింది. ఏ రంగు, ఎన్ని నల్లవి, మురిగిన గుడ్లేమైనా మిగిలాయా అని అన్నీ అడిగింది. అంత సంతోషంగా ఉన్నప్పుడు ఆ మాట ఎత్తడం బాగుండదనిపించింది.

ఇంటికొచ్చాక ఆలోచించాను. చెబితే రెండే జరుగుతాయి. ఒకటి, ఆమె నా కోసం చెయ్యెత్తి అబద్ధం ఆడుతుంది. దాన్ని మోసుకుంటూ పోతుంది. లేదా ఆడనంటుంది. ఆడననేసి, ఎక్కడ పెడతారో తెలిసి, ఆ దిగులుతో పోతుంది. రెండూ నేను చూడలేను. చెప్పకపోవడమే దయ.

అది నిజమో, నా నోటికి అలవాటైన సాకో నాకు తెలియడం లేదు.

మార్చి 31

రేపు చెబుతాను.

ఏప్రిల్ 2

నొప్పి మందు పెంచారు. నిద్రలోనే ఉంది. డ్వైట్ వచ్చాడు, తల్లి పాదాలు పట్టుకుని కూర్చున్నాడు. వాడు కాఫీకి వెళ్ళినప్పుడు నేను మంచం అటు వైపుకి తిరిగి వెళ్ళి, ఆమె చెవి దగ్గర వంగి అంతా చెప్పాను. రాయి, దాని మీద ఆమె పేరు, నున్నటి ఖాళీ, కచేరీ పుస్తకంలో ఖాళీ, డ్వైట్ మాట, అన్నీ. ఇంత మాట ఒక్కసారిగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

డెల్ఫీ కళ్ళు తెరవలేదు.

లావోన్‌కి ఫోన్ చేశాను. ఆవిడ తెలివిలో ఉండి తనంతట తాను చెప్పాలి తాతా అంది. తర్వాత ఆ పిల్ల ఫోనులో ఏడ్చింది. నేనే ఊరుకోబెట్టాల్సి వచ్చింది.

ఏప్రిల్ 4

కోడిపిల్లల్లో ఒకటి చచ్చింది.

ఏప్రిల్ 5

డెల్ఫీ పోయింది.

ఏప్రిల్ 6

అంత్యక్రియల హాల్లో మెత్తని కుర్చీలు. నలుపు సూటు వేసుకున్న మనిషి నా చెయ్యి పట్టుకుని, “మీరు వారికి ఏమవుతారు?” అన్నాడు.

“భర్త,” అన్నాను.

“చాలా విచారకరం. పెళ్ళి నకలు తెచ్చారా?”

జడ్జిగారి దగ్గరుందన్నాను. ఆయన డ్వైట్ వైపు చూశాడు. డ్వైట్ కిటికీ వైపు చూశాడు.

డ్వైట్ నన్ను బయటికి తీసుకొచ్చాడు. “వెర్లిన్, నేను అడిగాను. ముందే అడిగాను.”

“అడిగావు.”

“కాగితం ఉంటే నేను ఒక్క మాట అనేవాడిని కాదు.”

“అనేవాడివి కాదు.”

“నన్ను తిట్టవయ్యా ఒకసారి! యాభై ఏళ్ళుగా చూస్తున్నాను, తలుపు కూడా గట్టిగా వేయవు! పైన పెట్టుకుంటాను, ఇది నా పెళ్ళాం అని నా మీద అరిస్తే, ఏమో...”

నేను అరవాలనుకున్నాను. నిజంగా అనుకున్నాను. “మీ అమ్మకి చలి ఎక్కువ. ఆ నీలం శాలువా కప్పించు,” అన్నాను.

వాడు వెనక్కి తిరిగాడు. లోపలికెళ్ళి సంతకం పెట్టాడు.

ఏప్రిల్ 9

డ్వైట్ కారులోనే డేటన్ వెళ్ళాను. దారంతా వాడు నడిపాడు, నేను చూశాను. ఓమా వదిన రానంది. “అది పెళ్ళి కాదని చెప్పే ఊరికి నేనెందుకు రావాలి?” అంది.

హాల్లో మడత కాగితం పంచారు. డెల్ఫీ ఫోటో, పాటలు, కుటుంబం వివరాలు. ఎవరెట్ భార్య అని ఉంది. కొడుకు డ్వైట్, కోడలు, మనవలు. చివర్లో, కుటుంబ మిత్రుడు వెర్లిన్ స్టిల్ట్‌నర్ అని ఉంది. నా పేరు అచ్చులో చూడటం అదే మొదలు. తప్పు లేకుండా వేశారు.

మూడో వరసలో కూర్చున్నాను. పక్కన ఎవరో పెద్దావిడ, “మీకు ఆవిడ బాగా తెలుసా?” అంది. తెలుసండీ అన్నాను.

డ్వైట్ శాలువా కప్పించాడు. చూశాను.

సమాధి దగ్గర నేల చదునుగా ఉంది, ఎటు చూసినా గుట్ట లేదు. ఎవరెట్ ఆమెకు కుడి పక్కన ఉన్నాడు. ఎడమ పక్క మేపుల్ చెట్టు దాకా గడ్డే.

గీత తర్వాత ఖాళీలో అంకెలు ఇంకా చెక్కలేదు. వచ్చే వారం చెక్కుతారట.

ఏప్రిల్ 17

కుక్కకి అన్నం పెట్టాను.

ఏప్రిల్ 30

ఆపిల్ చెట్టు పూసింది. పైకి వెళ్ళలేదు.

మే 14

వాకిట్లో బండి ఆగింది. లావోన్. ఇంత దూరం తనే వచ్చింది.

“పోస్టులో పంపబుద్ధి కాలేదు తాతా,” అంది.

జడ్జిగారు ఒప్పుకున్నారు. పుస్తకంలో కుడి సగం నింపారు. దాని నకలు తెచ్చింది, కింద కచేరీ ముద్ర, వేలితో తడిమితే తగులుతోంది. పెళ్ళి చేసినవారు యూలిస్ ఫ్రేలీ. సాక్షి ఓమా. వెర్లిన్ స్టిల్ట్‌నర్, డెల్ఫియా, భార్యాభర్తలు. మేము పెళ్ళి చేసుకున్న రోజు తారీఖే వేశారు, ఇవాళ్టిది కాదు.

“అంటే అప్పటినుంచీ లెక్కేనా అమ్మా?” అన్నాను.

“అప్పటినుంచీ లెక్కే.”

కాఫీ ఇచ్చాను. డెల్ఫీ కప్పులో ఇచ్చాను, వేరేది కడిగి లేదు. తాగి కళ్ళు తుడుచుకుంది. “దీంతో వకీలు దగ్గరికి వెళ్తే ఆవిడని ఇక్కడికి తెచ్చుకోవచ్చు తాతా. నేను మాట్లాడతాను కావాలంటే.”

ఆలోచిస్తానన్నాను. కోడిపిల్లలు చూపించాను. ఎనిమిదీ బాగున్నాయి.

మే 15

డ్వైట్‌కి ఉత్తరం రాశాను. తప్పుల్లేకుండా మళ్ళీ ఎత్తి రాసి పంపాలని ముందు ఇక్కడ రాస్తున్నాను.

డ్వైట్,

నా రాతకి ఏమీ అనుకోకు. ఉత్తరాలు మీ అమ్మే రాసేది, కింద నా పేరు కూడా తనే పెట్టేది. నువ్వు అడిగిన కాగితం ఇందులో ఉంది. ఆలస్యమైంది. చదువుకుని నీ దగ్గరే ఉంచుకో, ఇంకోటి కావాలంటే కచేరీలో ఇస్తారట.

ఇది చూపించి మీ అమ్మని అక్కడినుంచి తీయించమని నేను అడగను. ఆమె నిద్ర చెడగొడితే ఎంత గొడవ చేస్తుందో నీకూ తెలుసు. మీ నాన్నతో నాకు పేచీ లేదు. రాయి మీద రాసింది కూడా ఉండనీ. అది కూడా నిజమే కదా.

ఒక్కటి అడుగుతాను. ఆమె ఎడమ పక్క మేపుల్ చెట్టు దాకా జాగా ఖాళీగా ఉంది. అది ఎవరిదో కనుక్కో. ఎవరికీ ఇవ్వకపోతే నాకు ఉంచు. రాయి అక్కర్లేదు. అక్కడైతే ఆమె నా మంచి చెవి వైపు ఉంటుంది. అక్కడివాళ్ళు ఎవరని అడిగితే కుటుంబ మిత్రుడనే చెప్పు, నాకేం అభ్యంతరం లేదు.

కోళ్ళని ఓమా వదిన తీసుకుంటానంది. కుక్క ముసలిది, నాకంటే ముందే పోతుంది. నాకిక్కడ ఇంకేం పని లేదు. కాబట్టి ఆ జాగా సంగతి చూసి త్వరగా జవాబు రాయి.

వెర్లిన్